సినిమాల కంప్యూటర్‌కు కేబినెట్ ఎంపిక: ముందు కొలవాల్సింది టీవీ కింది అరను

మా హాల్లో గోడకు చేయించుకున్న టీవీ యూనిట్‌లో, టీవీకి సరిగ్గా కింద, 50 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల లోతు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అర ఒకటి ఉంది. దానికి ముందు చెక్క తలుపు, వెనక ప్లైవుడ్ పలక, ఆ పలకలో వైర్లు పోవడానికి బొటనవేలు దూరేంత రంధ్రం. సినిమాలు చూసుకోవడానికి ఒక కంప్యూటర్ కట్టుకోవాలనుకున్నప్పుడు, ఈ అరలో పట్టే కేబినెట్, అంటే కంప్యూటర్ భాగాలను బిగించే పెట్టె, దొరికితే చాలునని, కొలతలు సరిపోయిన మొదటి పెట్టెను తెచ్చి అందులో పెట్టేశాను. జనవరిలో అంతా బాగానే నడిచింది. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, సినిమా మొదలైన గంటన్నరకు తెర నల్లబడి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. తలుపు తీస్తే, అన్నం గిన్నె మూత తీసినప్పుడు కొట్టే ఆవిరిలా వేడిగాలి ముఖానికి తగిలింది.

తప్పు కంప్యూటర్‌ది కాదు, నేను ఎంచిన పద్ధతిది. మామూలు డెస్క్‌టాప్‌కు కేబినెట్ కొనడం సులువు. అది బల్ల కింద ఉంటుంది, చుట్టూ ఖాళీ ఉంటుంది, చప్పుడు చేసినా పనిలో ఉన్న మనిషికి పట్టదు. సినిమాల కంప్యూటర్ మాత్రం హాల్లో, అరలో, మనుషులు మాటలు ఆపి వినే చోట ఉంటుంది. అందువల్ల దాని కేబినెట్ విషయంలో ఎత్తు, వేడి, చప్పుడు అనే మూడూ ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఎత్తు తగ్గితే ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ చిన్నదవుతుంది, కూలర్ చిన్నదైతే దాని ఫ్యాన్ వేగంగా తిరగాలి, ఫ్యాన్ వేగం పెరిగితే సినిమాలోని నిశ్శబ్ద సన్నివేశం పాడవుతుంది. ఈ ముడిని ఏ కొస నుంచి విప్పాలన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో ఆ కొస అర దగ్గర ఉంది. పెట్టె ఎక్కడ కూర్చుంటుంది, దానికి చల్లగాలి ఎటు నుంచి వస్తుంది, వేడిగాలి ఎటు పోతుంది అన్నవి తేలాకే కేబినెట్ల బొమ్మలు చూడాలి.

పెట్టెల్లో రకాలు

ఈ కేబినెట్లలో చాలావాటిని స్టీరియో యాంప్లిఫైయర్ పక్కన పెడితే కలిసిపోయేలా తయారుచేస్తారు. ఆడియో పరికరాలు సాధారణంగా 43 లేదా 44 సెంటీమీటర్ల వెడల్పున వస్తాయి కాబట్టి వీటిలో పెద్దవి కూడా అదే వెడల్పు పాటిస్తాయి. లోపల పట్టే మదర్‌బోర్డును, అంటే భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డును, బట్టి మిగతా కొలతలు మారతాయి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో-ఏటీఎక్స్ 244 × 244, వీఐఏ సంస్థ 2001లో తెచ్చిన మినీ-ఐటీఎక్స్ 170 × 170. ఈ మూడింటిలో సినిమాల కంప్యూటర్‌కు ఎక్కువగా అక్కరకొచ్చేది మూడోది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం తర్వాత దుకాణం తిరిగినా నాకు ఎక్కువగా కనిపించినవి అద్దపు పక్కలతో, రంగుల దీపాలతో ఉన్న నిలువు కేబినెట్లే. అడ్డంగా పడుకునే పెట్టె అడిగితే తెప్పించి ఇస్తామన్నారు. అంటే చేత్తో పట్టి చూసి కొనే అవకాశం తక్కువ, కాగితం మీది కొలతలను నమ్మి కొనాల్సిందే. ఆ కొలతలను సరిగ్గా చదవడం రావాలని అంటున్నది అందుకే.

గ్రాఫిక్స్ కార్డు కావాలా, వద్దా

కేబినెట్ పరిమాణాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది ఈ ఒక్క జవాబు. చాలామంది 4కె సినిమా సాఫీగా ఆడాలంటే పెద్ద కార్డు కావాలని అనుకుని, దానికోసం పెద్ద పెట్టె కొంటారు. కుదించిన వీడియోను విప్పి చూపించే పనికి ప్రాసెసర్లలోనే ప్రత్యేకమైన భాగం వచ్చి చాలా కాలమైంది. 4కె సినిమాల్లో ఎక్కువగా కనిపించే 10-బిట్ హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతి వీడియోను ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లు 2017 నాటికే తమలోని గ్రాఫిక్స్ భాగంతో విప్పగలిగాయి. ఏవీ1 అనే కొత్త పద్ధతిని విప్పే శక్తి డెస్క్‌టాప్‌లలో 2021లో వచ్చిన పదకొండో తరంతో చేరింది. 2023లో వచ్చిన ఎన్100 అనే చిన్న ప్రాసెసర్‌కు తయారీదారు చెప్పే ఉష్ణ పరిమితి 6 వాట్లు మాత్రమే, అయినా అది ఈ రెండు రకాల వీడియోలనూ విప్పుతుంది. సినిమాలు, యూట్యూబ్, ఫోటోలు, పాటలు, ఇంతవరకే మీ అవసరమైతే విడి కార్డు అక్కర్లేదు, పెద్ద పెట్టె కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. అవసరం అంతవరకే అయితే, అరచేతిలో పట్టే రెడీమేడ్ మినీ పీసీ కొనుక్కుని టీవీ వెనక బిగించుకోవడం చాలా ఇళ్లకు సరైన పని. విడిగా కేబినెట్ తెచ్చి కంప్యూటర్ కట్టుకోవడానికి గట్టి కారణం ఉండాలి. టీవీ మీద ఆటలు ఆడాలి, లేదా మ్యాడ్‌వీఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే) చిత్రాన్ని ప్రొజెక్టర్‌కు తగ్గట్టు మార్చుకోవాలి, లేదా టీవీ ట్యూనర్ కార్డు పెట్టాలి, లేదా పదేళ్ల తర్వాత కూడా భాగాలు మార్చుకుంటూ అదే పెట్టెను వాడుకోవాలి. ఇవి గట్టి కారణాలే.

విడి కార్డు కావాలనుకుంటే దాని ఎత్తు చూడాలి. పూర్తి ఎత్తు కార్డు బ్రాకెట్ 120 మిల్లీమీటర్లు, పొట్టి కార్డుది 79 మిల్లీమీటర్లు. పూర్తి ఎత్తు కార్డును మదర్‌బోర్డు మీద నిలువుగా గుచ్చాలంటే పెట్టె కనీసం 15, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉండాల్సి వస్తుంది. అంతకంటే పల్చని పెట్టెల్లో రైజర్ అనే అడాప్టర్ పెట్టి కార్డును బోర్డు పక్కన పడుకోబెడతారు. ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. పాత మోడల్ కేబినెట్లతో వచ్చే రైజర్లు కార్డు గుచ్చే స్లాట్ల ప్రమాణమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పాతదైన 3.0 వేగానికి చేసినవి కావచ్చు. కొత్త కార్డు పెట్టినప్పుడు తెర మిణుకుమిణుకుమన్నా, కంప్యూటర్ అసలు మొదలుకాకపోయినా బయోస్ అనే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ స్లాట్ వేగాన్ని 3.0కి తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. కార్డు పాడైందనుకుని దుకాణానికి తిప్పి పంపేముందు ఈ ఒక్క పని చేసి చూడాలి.

ఎత్తు అనే లెక్క

బ్రోచర్లో కేబినెట్ బయటి ఎత్తు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మనకు కావలసిన అంకె అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె, ప్రాసెసర్ మీద ఎంత ఎత్తు కూలర్ పడుతుందన్నది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న నిలువు కూలర్లు సాధారణంగా 155 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. సిల్వర్‌స్టోన్ జీడీ09 అనే 17 సెంటీమీటర్ల ఎత్తున్న పెద్ద పెట్టెలో కూడా గరిష్ఠంగా 138 మిల్లీమీటర్లే పడతాయి. ఫ్రాక్టల్ డిజైన్ నోడ్ 202 అనే 10.2 లీటర్ల పల్చని పెట్టెలో హద్దు 56 మిల్లీమీటర్లు. ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో కొన్నిటితో ఉచితంగా వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ ఎత్తు 54 మిల్లీమీటర్లు. కాగితం మీద అది పట్టినట్టే. కానీ ఫ్యాన్‌కూ మూతకూ మధ్య రెండు మిల్లీమీటర్లే మిగులుతాయి, మూతలో సరిగ్గా ఆ చోట జాలీ లేకపోతే ఫ్యాన్‌కు గాలి అందదు. ముక్కు మూసుకుని పరిగెత్తినట్టవుతుంది. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9 లాంటి 37 మిల్లీమీటర్ల కూలర్ పెడితే పైన ఖాళీ ఉంటుంది, కాని దాని శక్తి తక్కువ కాబట్టి వేడి తక్కువ పుట్టించే ప్రాసెసర్‌నే ఎంచుకోవాలి. చూడండి, పెట్టె ఎత్తుతో మొదలైన మాట ప్రాసెసర్ ఎంపిక దాకా వెళ్లింది.

మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 మిల్లీమీటర్ల ఎత్తు. ఎస్ఎఫ్ఎక్స్ రకం 125 × 100 × 63.5 మిల్లీమీటర్లు. ఇంకా సన్ననిది ఫ్లెక్స్ రకం, దాని ఎత్తు 40 మిల్లీమీటర్లే. ఈ ఫ్లెక్స్ రకాన్ని హాల్లో పెట్టే కంప్యూటర్‌కు నేను సిఫారసు చేయను, కారణం చప్పుడు గురించి చెప్పేటప్పుడు వస్తుంది. విడి కార్డు లేని చిన్న కంప్యూటర్‌కు ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు బయటి అడాప్టర్‌తో నడిచే డీసీ బోర్డు (చిన్న పవర్ సప్లై పలక) వాడితే, ఎస్‌ఎంపీఎస్ వేడి కూడా పెట్టె బయటే ఉండిపోతుంది.

గాలి ఎంత కావాలి

ఈ లెక్క కష్టమేమీ కాదు, చేసి చూస్తే చాలా భ్రమలు తొలగుతాయి. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1200 జౌళ్ల శక్తి పడుతుంది. కంప్యూటర్ 60 వాట్ల వేడి పుట్టిస్తోందనుకుందాం. లోపలికి వెళ్లిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి రావచ్చని మనం ఒప్పుకుంటే, సెకనుకు 5 లీటర్ల గాలి పెట్టెలోంచి సాగాలి. ఇది పెద్ద మొత్తం కాదు, నెమ్మదిగా తిరిగే ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఈ పని చేయగలదు. అంటే సినిమాల కంప్యూటర్‌కు ఫ్యాన్లు ఎక్కువ అవసరం లేదు. అవసరమైనది ఆ 5 లీటర్లు ప్రతి సెకనూ కొత్తగా రావడం.

నా అరలో జరగనిది సరిగ్గా అదే. తలుపు మూసి ఉంది, వెనక రంధ్రం వైర్లతోనే నిండిపోయింది. ఫ్యాన్ శ్రద్ధగానే తిరిగింది, కాని అది బయటికి తోసిన వేడిగాలి పోయే దారి లేక అరలోనే సుడి తిరిగి మళ్లీ పెట్టెలోకే వెళ్లింది. ప్రతి చుట్టుకూ గాలి ఇంకాస్త వేడెక్కింది. తర్వాత ఒక చిన్న థర్మామీటర్ అరలో పెట్టి చూస్తే, హాల్లో 34 డిగ్రీలు ఉన్నప్పుడు రెండు గంటల్లో అర లోపల 47 దాటింది. ఆ గాలితో ప్రాసెసర్ ఎలా చల్లబడుతుంది? 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, అయినా వేడి ఆగకపోతే తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ప్రాసెసర్ కంటే ముందే దెబ్బతినేది హార్డ్ డిస్క్, చాలా డిస్కులకు తయారీదారులు చెప్పే హద్దు 60 డిగ్రీలు. కేబినెట్ల సమీక్షల్లో కొలతలు ఎక్కువగా చల్లని దేశాల్లోని 20, 22 డిగ్రీల గదుల్లో తీసినవి. ప్రాసెసర్ 65 డిగ్రీల దగ్గర నిలిచిందని అక్కడ రాస్తే, మన ఎండాకాలపు గదిలో ఆ పైన ఇంకో 12, 15 డిగ్రీలు కలుపుకుని చదవాలి.

ఫ్యాన్ లేని కేబినెట్ల ఆకర్షణ ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. స్ట్రీకామ్ ఎఫ్‌సీ8, హెచ్‌డీప్లెక్స్ పెట్టెల వంటి వాటిలో ప్రాసెసర్ వేడిని రాగి గొట్టాలు తీసుకెళ్లి పెట్టె పక్క గోడలకు అందిస్తాయి, అల్యూమినియం రెక్కలున్న ఆ గోడలే వేడిని గాలిలోకి వదులుతాయి. ఎఫ్‌సీ8కు 65 వాట్ల దాకా ప్రాసెసర్ పెట్టవచ్చని తయారీదారు చెబుతాడు. చప్పుడన్నదే ఉండదు, దుమ్ము లాక్కునే ఫ్యాన్ ఉండదు, పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ రెక్కలను చల్లబరిచేది వేడెక్కి పైకి లేచే గాలి ఒక్కటే. ఆ గాలికి పైనా పక్కలా ఖాళీ ఉండాలి. మూసిన అరలో ఫ్యాన్ లేని పెట్టె పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నాలుగు వైపులా తెరిచిన బల్ల మీద, ఏసీ ఉన్న గదిలో, తక్కువ వేడి ప్రాసెసర్‌తో పెడితే మాత్రం దానిని మించినది లేదు. 65 వాట్లు అని రాసి ఉన్నచోట మన వాతావరణానికి 35 వాట్ల ప్రాసెసర్‌తో సరిపెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది.

చప్పుడు

మా విజయవాడ బాబాయి కూడా ఇలాంటి కంప్యూటర్ కట్టుకోవాలనుకుని నన్ను అడిగినప్పుడు, నేను తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, "బాబాయ్, సినిమా చూసేటప్పుడు మీ హాల్లో పైన ఫ్యాన్ తిరుగుతుందా, ఏసీ వేసుకుంటారా?" అని. "దానికీ దీనికీ ఏంటిరా సంబంధం?" అన్నాడు. చాలా ఉంది. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో దాని హోరు కింద కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు కలిసిపోతుంది, సాధారణంగా ఎవరూ గుర్తించరు. స్ప్లిట్ ఏసీ వేసుకుని సీలింగ్ ఫ్యాన్ ఆపేసిన గదిలో, రాత్రి పదకొండు గంటలకు, పాత్రలు మాట్లాడకుండా ఒకరినొకరు చూసుకునే సన్నివేశంలో, టీవీ కింద నుంచి వచ్చే సన్నని ఈల ప్రతి ఒక్కరికీ వినిపిస్తుంది. ఒకసారి విన్నాక చెవి దాన్నే వెతుక్కుంటుంది.

ఫ్యాన్ల శబ్దానికి కొన్ని స్థిరమైన సూత్రాలున్నాయి. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఒకే చప్పుడు చేసే రెండు ఫ్యాన్లను పక్కపక్కన పెడితే మొత్తం చప్పుడు 3 డెసిబెల్సే పెరుగుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే, వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ బదులు సగం వేగంతో తిరిగే రెండు పెడితే దాదాపు అంతే గాలి వస్తుంది, చప్పుడు 12 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాన్ పరిమాణం ఇంకా ముఖ్యం. ఒకే రూపం గల ఫ్యాన్లలో గాలి పరిమాణం వ్యాసపు ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఇచ్చినంత గాలి 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఇవ్వాలంటే మూడు రెట్లకు పైగా వేగంతో తిరగాలి.

చప్పుడు ఎంతన్నదే కాదు, ఎలాంటిదన్నది కూడా చూడాలి. ఏడు రెక్కల పెద్ద ఫ్యాన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే రెక్కలు సెకనుకు 93 సార్లు గాలిని కోస్తాయి, అది లోతైన, మెత్తని గుర్రు. ఫ్లెక్స్ ఎస్‌ఎంపీఎస్‌లోని 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ 6000 చుట్లు తిరిగితే ఆ సంఖ్య 700 అవుతుంది, అది మాటల గొంతుల మధ్యలోకి చొచ్చుకొచ్చే ఈల. ఆ రకం ఎస్‌ఎంపీఎస్‌ను నేను వద్దన్నది ఇందుకే. కేబినెట్ చూసేటప్పుడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు కనీసం ఒక చోటైనా ఉందా లేదా అని చూడటం, ఎన్ని ఫ్యాన్లు పడతాయని చూడటం కంటే మేలు.

డిస్కులు

హార్డ్ డిస్క్ చప్పుడు ఇంకో తీరు. నిమిషానికి 7200 చుట్లు అంటే సెకనుకు 120. ఆ అదురు డిస్కు నుంచి కేబినెట్ రేకుకు, రేకు నుంచి చెక్క అరకు పాకి, అర మొత్తం వీణ బుర్రలా మోగుతుంది. డిస్కు చేతిలో పట్టుకుంటే వినిపించని గుమ్ము అరలో పెట్టగానే వినిపిస్తుంది. రబ్బరు వాషర్లతో బిగించే ట్రే ఉన్న కేబినెట్ అయితే కొంత నయం. నా దృష్టిలో అసలు పరిష్కారం, కేబినెట్‌లో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు ఒక్కటే ఉంచి, సినిమాలున్న పెద్ద డిస్కులను ఇంకో గదిలో నెట్‌వర్క్ తీగతో కలపడం. అప్పుడు డిస్కుల అరలున్న పెద్ద పెట్టె వెతుక్కోనక్కర్లేదు, నోడ్ 202 లాంటి, 3.5 అంగుళాల డిస్కుకు చోటే లేని పెట్టె కూడా పనికొస్తుంది.

బ్లూ-రే డ్రైవ్ కోసం కేబినెట్ ముందు భాగంలో అర ఉండాలని పట్టుబట్టేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 4కె బ్లూ-రే డిస్కులను కంప్యూటర్లో అధికారికంగా ఆడించే సాఫ్ట్‌వేర్‌కు ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే రక్షణ ఏర్పాటు అవసరం. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పదకొండో తరం నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. కొత్త ప్రాసెసర్‌తో కంప్యూటర్ కట్టి, ఆ డిస్కుల కోసం ముందు అర ఉన్న కేబినెట్ కొంటే ఆ డబ్బు వృథా. వాటికి విడి ప్లేయరే దారి. మామూలు డీవీడీలు, పాత బ్లూ-రేలు మాత్రం ఉంటే యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి సొరుగులో ఉంచుకుంటే సరిపోతుంది.

రిమోట్, రేకు, ఎర్తింగ్

కేబినెట్ అంటే ఒక లోహపు పెట్టె, లోహం రేడియో తరంగాలను ఆపుతుంది. వైఫై, బ్లూటూత్ యాంటెన్నాలు వెనక వైపు బయటికి వచ్చేలా ఉన్నా, వాటి ముందు పెట్టె, వెనక గోడ ఉంటాయి. కీబోర్డు సోఫా దగ్గర నుంచి సరిగ్గా పలకకపోతే కీబోర్డునే తప్పు పట్టకూడదు. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకు అడ్డుపడుతుందని 2012లో ఇంటెలే ఒక సాంకేతిక పత్రంలో చూపించింది. కీబోర్డు డాంగిల్‌ను, అంటే దానితో వచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌ను, ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో కేబినెట్ నుంచి దూరంగా తెచ్చి పెడితే చాలా ఇళ్లలో సమస్య తీరిపోతుంది. టీవీ రిమోట్‌తోనే నడపాలనుకునేవారు, చాలా మదర్‌బోర్డుల్లో, గ్రాఫిక్స్ కార్డుల్లో టీవీ రిమోట్ ఆజ్ఞలను హెచ్‌డీఎంఐ తీగ ద్వారా అందించే హెచ్‌డీఎంఐ-సీఈసీ ఉండదని గుర్తుంచుకుని, ముందు ప్యానెల్‌లో రిమోట్ సంకేతాలను అందుకునే ఐఆర్ (పరారుణ) కన్ను ఉన్న కేబినెట్ ఎంచుకోవాలి, లేదా యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్ కొనుక్కోవాలి. ఆ కన్నుకు రిమోట్ కనపడాలి. చెక్క తలుపు మూస్తే కనపడదు.

మన ఇళ్లకు ప్రత్యేకించి చెప్పాల్సింది ఎర్తింగ్ గురించి. అల్యూమినియం కేబినెట్ మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే జివ్వుమని సన్నని తిమ్మిరి తగులుతోందా? ఎస్‌ఎంపీఎస్‌లో రేడియో రొదను ఆపడానికి పెట్టిన కెపాసిటర్లు ఎర్త్ తీగకు కలిసి ఉంటాయి. గోడ ప్లగ్గులో ఎర్త్ లేకపోతే ఆ కెపాసిటర్ల ద్వారా కేబినెట్ రేకు మీదికి సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టులు చేరతాయి. ప్రవాహం మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ కాబట్టి మనిషికి సాధారణంగా ప్రమాదం ఉండదు, కాని అదే కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి, టీవీని కేబుల్ వైరుతో బయటి ఎర్త్‌కు కలిపినప్పుడు, ఆ తేడా స్పీకర్లలో గుంయ్ మనే హోరుగా వినిపిస్తుంది. కరెంటు ఉండగానే తీగ పెడుతూ తీస్తూ ఉంటే హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. రంగు పూసిన స్టీలు పెట్టె మీద ఈ తిమ్మిరి తెలియకపోవచ్చు, రంగు లేని అల్యూమినియం మీద వెంటనే తెలుస్తుంది. కేబినెట్ మార్చడం దీనికి మందు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గుకు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించాలి.

దుమ్ము సంగతి క్లుప్తంగా. గాలి లోపలికి తోసే ఫ్యాన్‌కు కడగగలిగే జాలీ ఉండాలి, అది పెట్టె విప్పకుండా బయటికి రావాలి. లోపలికి తోసే గాలి బయటికి లాగే గాలి కంటే కాస్త ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. వెనక వాడని స్లాట్లకు మూత రేకులు తప్పక బిగించాలి, వెచ్చదనం కోసం బొద్దింకలు, బల్లులు అక్కడి నుంచే చేరతాయి. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో పల్చని స్టీలు రేకు అంచులు త్వరగా తుప్పు పడతాయి, విశాఖలో ఉండేవారు అల్యూమినియం పెట్టెకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

మళ్లీ ఆ అర దగ్గరికి

ఇవన్నీ తెలిశాక, జీడీ09 కొందామా అని ఒక దశలో అనుకున్నాను. దాని కొలతలు 44 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్ల ఎత్తు, 35.8 సెంటీమీటర్ల లోతు. అర కొలతలు చూస్తే పట్టాలి. నమ్మకం కుదరక, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కోసి సరిగ్గా ఆ కొలతలతో ఒక ఉత్త పెట్టె అతికించి, వెనక వైపు ఒక హెచ్‌డీఎంఐ తీగను గుచ్చి అరలోకి తోశాను. అట్ట అర అంచు దాటి ముందుకు వచ్చి నిలబడిపోయింది. లోతులో మిగిలింది 2.2 సెంటీమీటర్లు, హెచ్‌డీఎంఐ ప్లగ్గూ దాని మెడ వంపూ కలిపి ఐదు సెంటీమీటర్లు కావాలి. తలుపు మూయడం కుదరలేదు. పైగా ఆ పెట్టె ఫ్యాన్లు ఎక్కువగా పక్క గోడల మీద ఉంటాయి, నా అరలో ఒక్కో పక్కన మిగిలేది మూడే సెంటీమీటర్లు. ఖర్చు లేని ఈ అట్ట ప్రయోగం అంత పెద్ద పొరపాటును ఆపింది. బాబాయికి కూడా ముందు అట్ట కోయమనే చెప్పాను.

బాబాయి ఇంటి లెక్క వేరేగా తేలింది. వాళ్ల టీవీ బల్ల నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంది, మా తమ్ముడికి టీవీ మీద ఆటలు కావాలి. "చిన్న పెట్టె చాలురా, చూడ్డానికి నీటుగా ఉంటుంది" అని మొదట అన్నా, విడి గ్రాఫిక్స్ కార్డు పడాలనేసరికి పెద్ద పెట్టెకే ఒప్పుకున్నాడు. ఆ ఇంటికి జీడీ09 తరహా పెట్టె చక్కగా సరిపోయింది. నా అవసరం సినిమాల వరకే కాబట్టి విడి కార్డు మానేసి, డిస్కులను పడకగదిలోకి పంపేసి, మూతంతా జాలీ ఉన్న 10 సెంటీమీటర్ల ఎత్తు మినీ-ఐటీఎక్స్ పెట్టె తీసుకున్నాను. దాని మీద అరలో ఇంకో 10 సెంటీమీటర్లు ఖాళీ మిగిలింది.

అయినా ఆ అర తన పాత స్థితిలో ఉంటే ఏ పెట్టె పెట్టినా మే నెలలో మళ్లీ అదే జరిగేది. సెకనుకు 5 లీటర్ల గాలి, సెకనుకు అర మీటరు మెల్లని వేగంతో సాగాలంటే 100 చదరపు సెంటీమీటర్ల దారి కావాలి. 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని రంధ్రం విస్తీర్ణం 113. టీవీ యూనిట్ గోడకు మూడంగుళాల ఎడంగా ఉంది కాబట్టి, వడ్రంగిని పిలిచి వెనక ప్లైవుడ్‌లో అలాంటివి రెండు కోయమన్నాను. చల్లగాలి వచ్చేది కుడి పక్కన అడుగున, వేడిగాలి పోయేది ఎడమ పక్కన పైన. రెండింటికీ సన్నని స్టీలు జాలీ కొట్టించాను. ఈ ఏడాది మే నెలలో, అదే 34 డిగ్రీల హాల్లో, తలుపు మూసి ఉంచి వరుసగా రెండు సినిమాలు నడిపాక తలుపు తీసి చూస్తే, అరలోని థర్మామీటర్ 38 చూపిస్తోంది.